రాజీనామాపై సంతకము చేయకుము

గన్నవరము

చి.ల.సౌ. మనుమరాలికి నీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు తల్లివి కానున్నావను శుభవార్తతోపాటు, విమానాశ్రయమున నీవు పనిచేయుచున్న కాంట్రాక్టు సంస్థ మేనేజరు “ఇప్పటికి రాజీనామా ఇమ్ము, ప్రసవమైన పిదప మరల చేర్చుకొందుము” అని మెత్తగా పలికిన మాటయు మీ అమ్మ ఫోనులో చెప్పినది. బెజవాడ కోర్టులలో చిరకాలము ప్లీడరుగా తిరిగినవాడను గనుక ముందు చెప్పవలసినది ముందే చెప్పుచున్నాను: ఆ కాగితముపై సంతకము చేయకుము.

ప్రసూతి సెలవులోనున్న స్త్రీని ఆ కాలమునగాని, ఆ సెలవు కారణముగాగాని ఉద్యోగమునుండి తొలగించుట చట్టవిరుద్ధము. అయితే “వ్యక్తిగత కారణములచే స్వచ్ఛందముగా వైదొలగుచున్నాను” అని నీ చేతితోనే వ్రాసి ఇచ్చినచో, అది బలవంతపు రాజీనామాయని రుజువుచేయు భారము నీ నెత్తిన పడును. మరల చేర్చుకొందుమను నోటిమాటకు సాక్షి యెవ్వరు?

నీవు పనిచేయు రంగమునకే ఈ విషయమున ఒక చరిత్ర కలదు. ఎయిరిండియా విమాన పరిచారికలు తొలి గర్భము ధరించిన వెంటనే కొలువు వీడవలెనను నిబంధన ఒకప్పుడు ఉండెడిది. నర్గీస్ మీర్జా ప్రభృతులు పోరాడగా, 1981లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. కొలువున చేరిన నాలుగేండ్లలోపల వివాహమాడరాదను నిబంధనను మాత్రము ఆ తీర్పే నిలిపినది. న్యాయము ఒక్క అడుగున గమ్యము చేరదు గదా! పిదప 2000లో, ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరు రోలుపై దినకూలికి రోడ్డుపని చేయు స్త్రీలకును ప్రసూతి ప్రయోజనము చెల్లునని ఆ న్యాయస్థానమే తేల్చినది. కావున “నీవు పర్మనెంటు కాదు” అను మాటకు బెదరవలసిన పనిలేదు.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, తొలి రెండు కాన్పులకు సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. ఆ నియమములే సామాజిక భద్రతా కోడులో చేరి 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినవి. ప్రసవపు తేదీకి ముందటి పండ్రెండు మాసములలో 80 దినములు పనిచేసియున్న చాలును. ఆ సెలవులో 8 వారములవరకు ప్రసవమునకు ముందే వాడుకొనవచ్చును. నీ జీతము 21,000 రూపాయలకు మించక, జీతపు చీటీలో ఇ.ఎస్.ఐ. కోత కనబడుచున్నచో, తగినన్ని దినముల చందా జమయైయుండిన, ఆ సొమ్మును యజమాని గాక ఇ.ఎస్.ఐ. కార్పొరేషనే ఇచ్చును, వైద్యమునకు గుణదలలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రియు కలదు. అట్లయిన, ఆ ఖర్చు సంస్థ మీదపడునను భయము మేనేజరునకున్నను దానికి ఆధారమే లేదు.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు; ఈ చట్టమునందు కొన్ని రక్షణలు అట్టివే. కౌంటరువద్ద గంటలకొలది నిలుచుండు నీకు ముఖ్యమైనది యిది: ప్రసవమునకు ముందటి ఆరు వారములకు పూర్వమునున్న ఒక మాసమున, నీవు కోరినచో, కష్టమైన పనిగాని చాలసేపు నిలువవలసిన పనిగాని నీచేత చేయింపరాదు, తేలికపని ఇచ్చినామని జీతమును కోయరాదు. పనిలో తిరిగి చేరిన పిమ్మట, బిడ్డకు పదునైదు మాసములు నిండువరకు పాలిచ్చుటకై దినమునకు రెండుమార్లు అదనపు విరామము నీకు చెల్లును.

కనుక నీవు చేయవలసినది యింతే. డాక్టరు ధ్రువపత్రము జతపరచి, సెలవు ఏ తేదీనుండి కావలయునో, సొమ్ము నీకుగాక మరెవరికైన ఈయవలసియున్న వారి పేరేమో, ఆ కాలమున మరియొకచోట పనిచేయనను మాటయు చేర్చి నోటీసు వ్రాయుము. రెండు ప్రతులు తీసి, ఒకదానిపై అందినట్లు సంతకమును, ముద్రను వేయించుకొనుము. నిరాకరించినచో స్పీడుపోస్టులో పంపి రశీదు దాచుకొనుము. మేనేజరుతో వాదులాటకు దిగకుము, కాగితముతోనే మాటాడుము. అప్పటికిని వినకున్న, కార్మికశాఖ కార్యాలయమునకు నేనే తోడు వచ్చెదను.

మన చుట్టుప్రక్కల పొలములలో నాట్లు వేయు గర్భిణీ స్త్రీలకు ఇంత రక్షణ నేటికిని లేదు. పెక్కుమంది పోరాడి తెచ్చిన దానిని మొగమాటమునకు విడిచిపెట్టకుము. నీవు గట్టిగా నిలిచిన, రేపు నీ ప్రక్క కౌంటరులోని పిల్లకు ఆ రాజీనామా కాగితమును చూపుటకు మేనేజరు సంకోచించును. వేళకు భుజింపుము, ఆదివారము మీ ఆయనతో కలిసి రమ్ము, నోటీసు మనమిద్దరము కూర్చుండి వ్రాయుదము.

ఇట్లు,
నీ తాతయ్య