చమురు వెల – నేల చెల్లించే మూల్యము



"లీటరు పెట్రోలు ధర ఎంత?" అని మేము ఒకనాడు తరగతిలో అడిగినపుడు, మోటారు సైకిళ్ళపై కళాశాలకు వచ్చే విద్యార్థులు పైసలతో సహా చెప్పినారు. "ఆ ధరలో చేరని ఖర్చు ఏది?" అన్న రెండవ ప్రశ్నకు మాత్రము తరగతి మౌనము వహించినది. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వెల, మూల్యము అను రెండు మాటలకు నిఘంటువులో అర్థము ఒకటే. వాడుకలో మాత్రము భేదమున్నది. కొనేవాడు ఇష్టపడి ఇచ్చేది వెల. తప్పించుకొనలేక చెల్లించేది మూల్యము. బంకులో మనము ఇచ్చేది చమురు వెల. దాని మూల్యమును చెల్లించేవారు వేరే ఉన్నారు.

సీమ రాయి, చమురు బావి

చిత్తూరు, తిరుపతి, కర్నూలు దారులు కలిసే పూతలపట్టు మీదుగా లారీలు రాత్రింబవళ్ళు పోతూనే ఉంటాయి. చమురు లేనిదే మన మామిడి కాయ మండీకి చేరదు. అయినను చమురు బావి మన జిల్లాలో లేదు గనుక, చమురుతో మనది కొనుగోలుదారుని సంబంధము మాత్రమేనని అనుకుంటాము. అది పొరపాటు. రైల్వే కోడూరు సమీపమున ఓబులవారిపల్లె మండలములోని మంగంపేటలో ముగ్గురాయి గనులున్నవి. బెరైటీసు అని పిలువబడే ఈ ఖనిజ నిక్షేపము ప్రపంచములోని అతి పెద్ద నిక్షేపములలో ఒకటి. ఈ రాయి నీటి కంటె నాలుగు రెట్లకు పైగా బరువైనది. దీనిని పొడి చేసి, నీరు, బంకమన్ను మొదలగు వాటితో కలిపి, చమురు బావి త్రవ్వేటపుడు గొట్టము ద్వారా లోపలికి పంపుతారు. భూగర్భములోని వాయువు ఒత్తిడితో పైకి తన్నుకొని రాకుండ అణచి ఉంచేది ఈ బురద బరువే. ఆ బరువు చాలనినాడు, రక్షణ కవాటములు కూడ పని చేయనినాడు, బావి పేలుతుంది.

కోనసీమ అనుభవము

అట్లు పేలిన బావి మన రాష్ట్రములోనే ఉన్నది. 1995 జనవరి 8న కోనసీమలోని మామిడికుదురు మండలము పాశర్లపూడిలో, చమురు సహజవాయు సంస్థ త్రవ్వుతున్న బావి నుండి వాయువు ఎగజిమ్మి అంటుకున్నది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. చుట్టుపట్ల గ్రామముల ప్రజలు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. కొబ్బరి తోటలు మాడిపోయినవి. విదేశీ నిపుణుల సహాయముతో మార్చి నెలలో గాని బావికి మూత పడలేదు.

అదే మండలములోని నగరము గ్రామమున 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ సంస్థ గొట్టపు మార్గము నుండి కారిన వాయువు ఇండ్ల మధ్య పరచుకొని మండినది. 20 మందికి పైగా మరణించినారు. పొడి వాయువు కొరకు వేసిన గొట్టములో తేమతో కూడిన వాయువును పంపుటచేత గొట్టము తుప్పు పట్టినదని విచారణలో తేలినది. ఇది దైవికము కాదు. వాయువులోని తేమను తీసివేసే యంత్రమునకు కావలసిన ఖర్చును మిగుల్చుకొన్నారు. ఆ మిగులునకు మూల్యమును గ్రామము చెల్లించినది.

లాభము లేదని మేము చెప్పబోము. గోదావరి తీరపు వాయువుతో విద్యుత్తు పుట్టినది, కాకినాడలో యూరియా తయారైనది, ఆ ఎరువు మన పొలములకు కూడ వచ్చినది. అయితే ఈ సంపద నిలకడ లేనిది. సముద్ర గర్భములోని కె.జి. డి-6 క్షేత్రమున 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆరంభమైనది. కొద్ది సంవత్సరములలోనే అది అంచనాలకు అందనంతగా పడిపోయినది. ఆ వాయువును నమ్ముకొని కట్టిన విద్యుత్కేంద్రములు పని లేక నిలిచిపోయినవి. వాటి అప్పుల భారము బ్యాంకుల మీద పడినది.

ఇసుకలోని చమురు

బావిలో దొరికే చమురు సంగతి ఇట్లుండగా, ఇసుకకు అంటుకొని ఉన్న చమురు సంగతి మరింత కఠినమైనది. కెనడా దేశపు ఆల్బర్టా రాష్ట్రములో అథబాస్కా నదీ ప్రాంతమున తారు వంటి చిక్కని చమురు ఇసుకలో కలిసి ఉన్నది. 1967లో అక్కడ పెద్ద యెత్తున త్రవ్వకము ఆరంభమైనది. పైపొరలలో ఉన్న చోట అడవిని నరికి, నేలను తొలగించి, ఇసుకను వేడినీటితో కడుగుతారు. ఒక పీపా చమురుకు సుమారు రెండు టన్నుల ఇసుక కావలెను. లోతున ఉన్న చోట ఆవిరిని పంపి కరిగించి తీస్తారు. నీటిని వేడి చేయుటకు కూడ ఇంధనమును మండించవలెను గనుక, మామూలు చమురు కంటె దీనివలన గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు ఎక్కువ.

కడిగిన మురికినీటిని విశాలమైన చెరువులలో నిలువ చేస్తారు. 2008 ఏప్రిల్‌లో అట్టి చెరువుపై వ్రాలిన సుమారు 1,600 బాతులు చనిపోయినవి. నదికి దిగువన చేపలపై, వేటపై ఆధారపడిన ఆదిమవాసులు తమ నీటిని గురించి నేటికీ ఆందోళన చెందుతున్నారు. త్రవ్విన నేలను తిరిగి బాగుచేయవలెనని చట్టమున్నది. కాని బాగుపడినదని ప్రభుత్వము తొలి ధ్రువపత్రము నిచ్చినది 2008లో. అదియు 104 హెక్టార్లకు మాత్రమే. త్రవ్వుటకు పట్టిన కాలమెంత, మాన్పుటకు పట్టే కాలమెంత అన్నది విద్యార్థులు ఆలోచించవలెను.

రాబడి మాటకు వస్తే, ఆల్బర్టా 1976లో వారసత్వ నిధిని స్థాపించినది. 1987 తరువాత అందులో చమురు రాబడిని క్రమముగా జమ చేయుట మానినది. నార్వే దేశము 1996లో జమ మొదలుపెట్టి విడువలేదు. నేడు దాని నిధి లక్ష కోట్ల డాలర్లను మించినది. చమురు తరిగిపోయే సొత్తు. అసలు ఖర్చు కాకుండ చూచుకొన్నవాడే తెలివైనవాడు.

లెక్కకు రెండవ వైపు

మన దేశములో 2015లో గనుల చట్టమును సవరించి, గనుల వలన నష్టపడిన ప్రజల కొరకు జిల్లా ఖనిజ నిధులను ఏర్పరచినారు. మన గ్రానైటు, మంగంపేట ముగ్గురాయి ఈ ఏర్పాటు క్రిందికి వస్తాయి. కాని ఆ చట్టము చెప్పే ఖనిజములలో ఖనిజ తైలములు చేరవు. కనుక బావిలోనికి పోయే మన రాయికి ఉన్న రక్షణ, ఆ బావి ప్రక్కన నివసించే కోనసీమ రైతుకు ఈ చట్టము ద్వారా లేదు. భూమి మీది బావుల రాయల్టీ రాష్ట్రమునకు, సముద్రములోని బావులది కేంద్రమునకు చెందుతుంది. ఊరి పేరు మాత్రము లెక్కలో కనబడదు.

చమురును వదలివేయుడని మేము చెప్పుట లేదు. ఈ వ్యాసము అచ్చైన కాగితము కూడ లారీలోనే వచ్చినది. మేము కోరేది లెక్క పూర్తిగా వ్రాయవలెనని. జమ పుటలో ఉద్యోగములు, రాబడి వ్రాసినపుడు, ఖర్చు పుటలో నేల, నీరు, ప్రాణము కూడ వ్రాయవలెను. మీలో కొందరు రేపు ఇంజనీర్లు, అధికారులు, సర్పంచులు కాగలరు. ఒక యంత్రమును మిగుల్చుకొనవచ్చునన్న కాగితము మీ సంతకము కొరకు వచ్చిననాడు నగరము గ్రామమును జ్ఞాపకము చేసికొనుడు. మన ఊరి కొండకు క్వారీ అనుమతి అడిగిననాడు గ్రామసభలో మౌనముగా కూర్చుండవలదు.

మన ఉర్దూ సోదరులు ఇతరులు నమ్మి అప్పగించిన సొత్తును అమానత్ అంటారు. దానిని వాడుకొనవచ్చును గాని, పాడుచేసి తిరిగి ఇచ్చుట ద్రోహము. ఈ నేల మనకు అట్టి సొత్తు. తీసుకొనవలసినవారు ఇంకను పుట్టవలసియున్నది.