కోపం మింగేస్తే పోతుందా?

ప్రశ్న: నా వయసు 34. అత్తగారు ఏమన్నా, ఆఫీసులో బాస్ ఏమన్నా నవ్వి ఊరుకుంటాను. రాత్రిళ్లు నిద్రలో పళ్లు కొరుకుతున్నానని మావారు అంటున్నారు. మనసును అణచివేయడం అంటే ఇదేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదమ్మా. మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1915 వ్యాసంలో చెప్పిన అణచివేతలో, భరించలేని కోరికో ఆలోచనో మనకే తెలియకుండా మరుగున పడిపోతుంది. మీరు మాత్రం కోపం వచ్చిందని తెలిసే దాచుకుంటున్నారు. అప్పుడప్పుడు అది అవసరమే, రోజూ అయితేనే భారం. 1993లో అమెరికా మనస్తత్వవేత్తలు జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ కొందరికి జుగుప్స కలిగించే దృశ్యాలు చూపించారు. ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా చూసినవారి చర్మంలో చెమట స్పందన పెరిగింది. ముఖం ఊరుకున్నా ఒళ్లు ఊరుకోలేదన్నమాట.

అలాగని అరవక్కర్లేదు. వేడి చల్లారాక, “అత్తయ్యా, చుట్టాల ముందు నా వంటను అలా అంటే కష్టంగా ఉంటుంది” అని ఆ ఒక్క విషయమే చెప్పండి. పాత లెక్కలు తీయొద్దు. పళ్లు కొరకడానికి వేరే కారణాలూ ఉండొచ్చు, డెంటిస్టుకు చూపించుకోండి. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే సైకాలజిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.