ట్రాక్టరు ట్రైలరులో 12 వోల్టుల సాకెట్లు

చెఱకు ట్రైలరుతో ఫ్యాక్టరీ గేటువద్ద రాత్రంతా వరుసలో నిలువవలసి వచ్చిన రైతుకు ఒక దీపము, సెల్ ఫోను చార్జి చేసికొను వసతి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ట్రాక్టరు బ్యాటరీనుండి ఈ వసతిని మీరే అమర్చుకొనవచ్చును.

12 వోల్టులు షాకు కొట్టవుగదా అని కొందరు తీగలను బ్యాటరీకి ఊరక చుట్టి వదలుచున్నారు. షాకు కొట్టదన్నది నిజమే. కాని ఒరసిపోయిన తీగలు ఒకదానికొకటి తగిలినచో బ్యాటరీనుండి వందలాది ఆంపియర్లు ప్రవహించి, తీగ ఎఱ్ఱగా కాలి, ఎండుటాకును అంటించును. కావున బ్యాటరీ ప్లస్ కొనకు జానెడు దూరములోపున 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టవలెను. సాకెట్టువద్ద పెట్టిన ఫ్యూజు దానికి ముందున్న తీగను కాపాడజాలదు.

సన్నతీగ కొని డబ్బు మిగిల్చితిమనుకొనరాదు. సాకెట్టు 10 మీటర్ల దూరముననున్నచో రానుపోను తీగ 20 మీటర్లు. 5 ఆంపియర్లు వాడునపుడు 1 చదరపు మిల్లీమీటరు రాగితీగలో సుమారు 1.8 వోల్టులు దారిలోనే పోవును, దీపము మసకబారును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోవునది ముప్పాతిక వోల్టు మాత్రమే. ట్రైలరు తగిలించుచోట, మలుపులలో తెగకుండ, తీగను కొంత వదులుగా ఉంచుడు.

ఇండ్లలో గోడకుండు సాకెట్లను ఇందుకు వాడకుడు. ఆ ప్లగ్గుతోనున్న 12 వోల్టుల దీపమును పిల్లలెవరైన ఇంటి 230 వోల్టులకు గ్రుచ్చగలరు. కార్లలోని గుండ్రని సాకెట్టే మేలు.

పని మొదలిడునపుడు మైనస్ తీగను ముందుగా విప్పి, చివరకు బిగించుడు.

24 వాట్ల బల్బు పది గంటలకు 20 ఆంపియర్-గంటలు త్రాగును. అట్టివి రెండు వెలిగినచో 75 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగమునకు పైగా ఖర్చగును. తెల్లవారి వరుస కదలువేళకు ఇంజను స్టార్టు కాకపోవచ్చును. 6 వాట్ల ఎల్.ఇ.డి. దీపమునకు రాత్రంతా 5 చాలును.