గుర్తు చెరిగిన డోలకము

గుంటూరు ప్రాంతమున ప్రత్తి వర్తకుడు చిటికెడు దూదిని తీసి, రెండు చేతుల వ్రేళ్లతో సాగదీసి, పింజ పొడవును నిర్ణయించును. మిరప వర్తకుడు కాయ రంగును, తొడిమను, తేమను చూచి ధర చెప్పును. సరకు చెడకుండ దాని గుణమును తెలిసికొనుట వారి నేర్పు. పాత విద్యుత్ పరికరములను పరీక్షించువారికిని ఇట్టి నేర్పే కావలెను.

1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రము ప్రారంభమైనది. ఏ రేడియో కేంద్రమైనను తనకు కేటాయింపబడిన పౌనఃపున్యమును తప్పరాదు. తప్పినచో ఒక కేంద్రపు పలుకు మరియొక దానితో కలిసిపోవును. ఆ స్థిరత్వమును కలిగించునది స్ఫటిక డోలకము. కొన్ని స్ఫటికములను నొక్కినపుడు విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. 1921 ప్రాంతమున అమెరికాలో వాల్టర్ కేడీ క్వార్ట్జు స్ఫటికముతో డోలకమును నిర్మించెను.

ఇట్టి డోలకమును లోహపు డబ్బాలో బిగించి, క్రింద పిన్నులు అమర్చుదురు. కొంతకాలమునకు డబ్బాపై వ్రాత చెరిగిపోవును. ఏ పిన్నుకు విద్యుత్తు ఇయ్యవలెనో తెలియదు. తప్పు పిన్నుకు ఇచ్చినచో పరికరము క్షణములో పాడగును. తెలియదని పారవేసినచో మంచి వస్తువు వ్యర్థమగును. మరి ఏమి చేయవలెను?

మొదట కంటితో చూడవలెను. నాలుగు పిన్నుల చిన్న డబ్బాలలో పెక్కింటికి మూడు మూలలు గుండ్రముగను, ఒక మూల కోసుగను ఉండును. కోసుమూలయే ఒకటవ పిన్నుకు గుర్తు. అది పెక్కు డబ్బాలలో ఖాళీగా నుండును. పైనుండి చూచుచు, గడియారపు ముల్లునకు ఎదురుదిశగా పోయినచో తరువాతి పిన్ను ఎర్తు, దాని తరువాతిది డోలనము వెలువడు పిన్ను, చివరిది విద్యుత్తు ఇచ్చు పిన్ను. డబ్బాను తిరగవేసి చూచినపుడు ఈ క్రమము తారుమారగునని మరువరాదు.

పిదప విద్యుత్తు ఇయ్యకయే మల్టీమీటరుతో పరీక్షింపవలెను. డబ్బా లోహముతో కలిసియున్న పిన్ను సామాన్యముగా ఎర్తు. అయినను తొందరపడరాదు, కొన్ని రకములు ఋణ విద్యుత్తుతో పనిచేయును.

చివరకు, ఉపాధ్యాయుని సమక్షమున, తక్కువ వోల్టులతో, ప్రవాహమునకు హద్దు ఏర్పరచి విద్యుత్తు ఇయ్యవలెను. పెద్ద డబ్బాలలో స్ఫటికమును వెచ్చగా నుంచుటకు హీటరు కూడ ఉండును. మొదట ఎక్కువగా లాగిన ప్రవాహము, డబ్బా వేడెక్కిన పిమ్మట తగ్గినచో, అది హీటరు పిన్ను అని ఊహింపవచ్చును. డోలనము వెలువడు పిన్నును ఆసిలోస్కోపు చూపును.

ఈ క్రమములోని రహస్యము ఒక్కటే: హాని లేని ప్రశ్నను ముందు అడుగవలెను, హాని కలిగింపగల ప్రశ్నను చివరకు ఉంచవలెను. తెలిసిన దానిని డబ్బాపైననే వ్రాసి ఉంచినచో, రాబోవు వారికి ఆ శ్రమ తప్పును.

ప్రశ్నలు
1. రేడియో కేంద్రమునకు స్ఫటిక డోలకము ఏల అవసరము?
2. ఎర్తు పిన్నును ఎట్లు గుర్తింపవచ్చును?
3. విద్యుత్తు ఇచ్చి పరీక్షించుటను చివరకు ఏల ఉంచవలెను?