మెడ గాయము – న్యాయమైన పరిహారము

గోదావరిఖని నుండి కరీంనగరుకు పోయే రాజీవ్ రహదారిపై బొగ్గు లారీల నడుమ కార్లు, ఆటోలు నిత్యము సాగుతుంటాయి. వెనుక నుండి వాహనము ఢీకొన్నప్పుడు తల ఒక్కసారిగా ఊగి మెడ కండరములు దెబ్బతింటాయి. ఎముక విరగదు గనుక ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చును. నొప్పి మరునాటికి గాని తెలియకపోవచ్చును. చిక్కంతా ఇక్కడనే ఉన్నది. కంటికి కనిపించని గాయమును బీమా కంపెనీ తేలికగా కాదనగలదు. అందుచేత వెంటనే ఆసుపత్రిలో చూపించుకొని, ప్రమాదము సంగతి చీటీలో వ్రాయించుకోవలెను.

1988 మోటారు వాహనముల చట్టము 166వ సెక్షను క్రింద ట్రిబ్యునలుకు దరఖాస్తు (ఈ మాటా, వకీలూ మనకు ఉర్దూ ఇచ్చినవే) పెట్టుకోవలెను. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణ అందుకు ఆరు నెలల గడువు విధించింది.

వైకల్య శాతమే ఆర్జన నష్ట శాతము కాదని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టము చేసింది. ఎడమచేయి పోయిన డ్రైవరుకు బ్రతుకుతెరువే పోవచ్చును. గుమాస్తాకు ఉద్యోగము నిలువవచ్చును. దీనిని మన గనులకు అన్వయించి చూద్దాము. నెలకు 30,000 రూపాయలు ఆర్జించే 38 ఏండ్ల డంపరు ఆపరేటరుకు మెడ తిరగదనుకుందాము. డాక్టర్లు 10 శాతము వైకల్యమన్నారు. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారము ఆ వయస్సుకు గుణకము 15. లెక్క 5,40,000 రూపాయలకు తేలుతుంది. కాని మెడ త్రిప్పకుండా డంపరు నడుపుట ఎట్లు? ఆర్జనాశక్తిలో 40 శాతము పోయినదని రుజువైతే అదే లెక్క 21,60,000 అవుతుంది. వైద్యపు ఖర్చులు, పడిన బాధకు ఇచ్చే సొమ్ము వేరు.

ఆ రుజువుకు డాక్టరు సాక్ష్యము, తేలిక పనికి మార్చిన ఉత్తరువు నకలు కావలెను. జీతపు చీటీ లేని కాంట్రాక్టు కార్మికుడు మస్టరు నకలు, బ్యాంకు పాసుబుక్కు చేర్చవలెనని మా సలహా.