మాయాబజార్‌ని మన గల్లీకి తెద్దాం



ఈ నెల ఇంటి ప్రాజెక్ట్ ఐదు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు. పేరు వినగానే మీలో కొందరికి సందేహం రావచ్చు: బొమ్మలతో యుద్ధం ఆట. టేబుల్ మీద చిన్న వీధి కట్టి, రెండు జట్ల బొమ్మల్ని నిలబెట్టి, స్కేలుతో దూరం కొలుస్తూ, పాచిక వేస్తూ ఆడతారు. దీన్నే మినియేచర్ వార్‌గేమింగ్ అంటారు. షాపులో కొనే పని లేదు. ఒక పాత మాయలోకం ఇవాళ మన ఉస్మాన్‌గంజ్‌లో ఉంటే ఎలా ఉంటుందో పిల్లలే ఊహించి, బొమ్మలూ రూల్సూ వాళ్లే తయారు చేయాలి.

"చదువు మానేసి యుద్ధాలేంటి టీచర్?" అని అడిగే ముందు ఈ రెండు పేజీలు చదవండి. ఇందులో లెక్కలున్నాయి, ఇంగ్లిష్ ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా "శత్రువు ఎవరు?" అన్న ప్రశ్న ఉంది. దాని గురించి మీ పిల్లలతో మీరే మాట్లాడాలి.

ఈ ఆటలు ఎక్కడి నుంచి వచ్చాయి?

టేబుల్ మీద సైన్యాన్ని నడపడం మనకు కొత్త కాదు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాలిబంట్లతో ఆడిన చతురంగం నుంచే చదరంగం వచ్చింది. మన పల్లెల్లో బండల మీద గీసి ఆడే పులి-మేక ఆటలో మూడు పులులు, పదిహేను మేకలు. రెండు వైపులా బలం ఒకేలా ఉండదు, అయినా పోటీ ఉంటుంది. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంగ్లండ్‌లో హెచ్.జి. వెల్స్ అనే రచయిత బొమ్మ సైనికులతో ఆడే రూల్స్‌ను 1913లో 'లిటిల్ వార్స్' అనే పుస్తకంగా వేశాడు. నిజం యుద్ధం కన్నా బొమ్మల యుద్ధమే మేలని ఆయన వాదన. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. 1983లో వచ్చిన వార్‌హామర్ అనే ఆటలో మాయలూ రాక్షసులూ ఉండే లోకం ఉంది. 1987లో అదే కంపెనీ అలాంటి జాతుల్ని తుపాకులతో, అంతరిక్ష నౌకలతో దూర భవిష్యత్తులోకి పంపి ఇంకో ఆట తెచ్చింది. పాత లోకానికి కొత్త కాలం ఇవ్వడం అంటే ఇదే.

మనవాళ్లు ఈ పనిని సినిమాల్లో చేశారు. సోషియో ఫాంటసీ అనే మాట మీకు తెలిసిందే. యముడు, చిత్రగుప్తుడు, దేవకన్యలు మన వీధుల్లోకి దిగిన సినిమాలు చూస్తూనే మీరూ పెరిగారు. కాబట్టి ఈ ప్రాజెక్ట్‌లో పిల్లల కన్నా మీరే సీనియర్లు.

ఏ లోకం తీసుకుందాం?

నా సలహా 'మాయాబజార్'. కె.వి. రెడ్డి గారి దర్శకత్వంలో 1957లో వచ్చింది. మూడు కారణాలున్నాయి. ఇంట్లో తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ ఎవరున్నా కథ చెప్పగలరు. కథంతా ఒక పెళ్లి ఆపడం గురించే కాబట్టి, ఎవరినీ చంపకుండా గెలుపు ఓటములు తేల్చవచ్చు. మూడోది, పెళ్లివారిని దించడానికి ఘటోత్కచుడి పరివారం మాయతో ఒక ఊరినే కట్టేస్తుంది. మనకు అలాంటి ఊరు ప్రతి ఏడాదీ కనిపిస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జనవరి 1న వెలిసి ఫిబ్రవరి 15 దాకా వెలిగే నుమాయిష్ అచ్చం మాయాబజారే కదా! అది మొదలైంది 1938లో.

మూడు ప్రశ్నలు

పాత లోకాన్ని ఇవాళ్టికి తెమ్మంటే చాలామంది పిల్లలు మొదట వేషం మారుస్తారు. ఘటోత్కచుడికి జీన్స్, కళ్లజోడు, చేతిలో ఫోన్. అది ఫ్యాన్సీ డ్రెస్ అవుతుంది, కొత్త లోకం అవదు. ప్రతి పాత్రకూ, ప్రతి వస్తువుకూ ఈ మూడు ప్రశ్నలు వేయించండి.

1. కథలో ఇది చేసే పని ఏమిటి?
2. మన వీధిలో ఇవాళ ఆ పని ఎవరు, ఏది చేస్తుంది?
3. అది చేయలేనిది ఏమిటి?

మూడో ప్రశ్న మరిచిపోవద్దు. హద్దు లేని మాయతో ఆట నడవదు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో ఇంద్రజ ఉంగరం పోగొట్టుకుంది కాబట్టే కథ ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. సినిమాలో సత్యపీఠం ఉంది. దాని మీద నిలబడినవాళ్లు మనసులో ఉన్న నిజం కక్కేస్తారు. శకుని గుట్టు అక్కడే రట్టవుతుంది. అది చేసే పని నిజం తేల్చడం. హోల్‌సేల్ వ్యాపారం నడిచే మన వీధుల్లో నిజం తేల్చేది ఏది? కాటా! బస్తాలో ఎంత ఉందో ఎవరి మాటా వినకుండా చెప్పేస్తుంది. కాబట్టి మన ఆటలో సత్యపీఠం అంటే దుకాణం ముందున్న కాటా. హద్దు ఏమిటి? దాని మీద అడుగు పెట్టినవాళ్ల నిజమే చెబుతుంది. దూరంగా ఉన్నవాళ్ల సంగతి దానికి తెలియదు.

ఇంకొకటి ప్రియదర్శిని. పెట్టె తెరిస్తే చూసేవాళ్లకు ప్రియమైనదే కనిపిస్తుంది. ఇవాళ అది వీడియో కాల్ కావచ్చు. కానీ హద్దు వదలకండి. ప్రియమైనది తప్ప ఇంకేదీ కనిపించకూడదు. లేకపోతే అది మామూలు ఫోనే.

వీధి కట్టడం: లెక్కల పాఠం

స్కేలు 1:60 పెట్టుకోండి. అంటే అసలు కొలతను 60తో భాగించాలి. 165 సెంటీమీటర్ల మనిషి రెండు ముప్పావు సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు. మూడు మీటర్ల ఎత్తున్న అంతస్తు 5 సెంటీమీటర్లు. ఆరు మీటర్ల రోడ్డు 10 సెంటీమీటర్లు. ఆటో అయితే అగ్గిపెట్టె కన్నా కాస్త చిన్నది.

71 సెంటీమీటర్ల పొడవుండే చార్ట్ పేపర్ మీద ఈ లెక్కన సుమారు 42 మీటర్ల వీధి పడుతుంది. ఉస్మాన్‌గంజ్ మొత్తం రాదు, ఒక గల్లీ వస్తుంది. అది చాలు. ఒక ఆదివారం పొద్దున పిల్లల్ని ఆ గల్లీలో నడిపించి అడుగులు లెక్కపెట్టించండి. ఓపిక ఉంటే మొజంజాహీ మార్కెట్ దాకా వెళ్లండి. 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్ గడియార స్తంభాన్ని చూసి బొమ్మ గీయించండి. ఆట వెనుక గోడకు అదే తెర.

దుకాణాలకు అట్టపెట్టెలు, బస్తాలకు పాత గుడ్డలో కట్టిన బియ్యం, బొమ్మలకు వినాయక చవితికి మిగిలిన మట్టి లేదా మందపాటి కాగితం. బొమ్మ పడిపోకుండా కింద సీసా మూత అంటించండి. బొమ్మల కొలువు బొమ్మలుంటే ముందు పెద్దవాళ్లను అడిగి తీసుకోండి.

ఆట: ఇంగ్లిష్ పాఠం

మొదటి రూల్స్ ఇవి. తర్వాత పిల్లలు మార్చుకోవచ్చు.

శకుని జట్టుకు ఆరు బొమ్మలు. ఎనిమిది వంతుల్లోపు పెళ్లికొడుకు లక్ష్మణకుమారుడి బరాత్‌ను ఫంక్షన్ హాల్ గేటు దాటించాలి. ఘటోత్కచుడి జట్టుకు నాలుగే బొమ్మలు. ఎనిమిది వంతుల దాకా బరాత్‌ను ఆపాలి, లేదా శకునిని కాటా మీదికి నెట్టాలి.

నడిచే బొమ్మ వంతుకు 10 సెంటీమీటర్లు కదులుతుంది. బస్తా మోస్తుంటే 5, ఆటోలో ఉంటే 20. రెండు జట్ల బొమ్మలు తగిలితే ఇద్దరూ పాచిక వేయాలి. తక్కువ పడిన బొమ్మను గెలిచినవాళ్లు తమకు నచ్చిన వైపుకు 10 సెంటీమీటర్లు నెడతారు. సమానం పడితే మళ్లీ వేయాలి. ఈ ఆటలో ఎవరూ చావరు.

ఘటోత్కచుడు ఏ రూపమైనా ధరించగలడు. అందుకని తన నాలుగు బొమ్మల్లో ఎవరు ఘటోత్కచుడో ఆటగాడు ముందే చీటీ మీద రాసి, మడిచి, పళ్లెం కింద పెట్టాలి. ఆట మొత్తంలో ఒక్కసారి చీటీ తెరిచి, 20 సెంటీమీటర్లలోపు ఉన్న ఏ బొమ్మతోనైనా అతని స్థానం మార్చుకోవచ్చు. ఆ తర్వాత అతని గుట్టు అందరికీ తెలిసిపోతుంది, మాయ అయిపోతుంది.

రెండు ఆటలు ఆడండి, మధ్యలో జట్లు మార్చుకోండి. రెండుసార్లూ ఒకే జట్టు గెలిస్తే ఒక్క అంకె మాత్రం మార్చి మళ్లీ ఆడండి. రెండు మూడు అంకెలు ఒకేసారి మారిస్తే దేని వల్ల ఆట మారిందో తెలియదు. పులి-మేక ఆటలో మూడూ పదిహేనూ అన్న లెక్క ఎందుకో అప్పుడు పిల్లలకు అర్థమవుతుంది.

చివరికి ఈ రూల్స్‌ను ఇంగ్లిష్‌లో పది వాక్యాలుగా రాయాలి. 'ఇఫ్'తో మొదలయ్యే వాక్యాలు కనీసం నాలుగుండాలి. స్పష్టంగా రాయకపోతే ఆటలో గొడవ వస్తుంది. ఎర్ర పెన్ను కన్నా ఆ గొడవే బాగా నేర్పుతుంది.

శత్రువు ఎవరు?

ఇక అసలు సంగతి. కథ ఎక్కడో అడవిలో, ఎప్పుడో జరిగినప్పుడు రాక్షసుడు ఎవరి ముఖంతోనూ ఉండడు. అదే కథను మన వీధిలోకి తెస్తే అతనికి ఏదో ఒక ముఖం పెట్టాలి. మన వీధుల్లో తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ అన్నీ వినిపిస్తాయి. సేట్లు, గుమాస్తాలు, హమాలీలు, ఆటోవాళ్లు, పని కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు, అందరూ ఉంటారు. పిల్లవాడు చెడ్డ జట్టు బొమ్మలన్నిటికీ ఒకే రకం టోపీ, ఒకే రకం బొట్టు, ఒకే ఒంటి రంగు వేశాడనుకోండి. అది ఆట రూల్ కాదు. ఎక్కడో విన్న మాట బొమ్మ మీదికి ఎక్కింది. ఆ మాట మన ఇంట్లో విన్నదే కావచ్చు.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. 1974లో మొదలైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలో కొన్ని జాతులు పుట్టుకతోనే చెడ్డవిగా ఉండేవి. ఆ పద్ధతి మారుస్తామని 2020లో దాన్ని ప్రచురించే కంపెనీయే ప్రకటించింది.

మనకు సమాధానం 'మాయాబజార్'లోనే ఉంది. ఘటోత్కచుడు హిడింబి కొడుకు, రాక్షసుడు. అయినా ఆ కథలో పిల్లలందరికీ ఇష్టమైనవాడు అతనే. కుట్ర పన్నింది మనిషి, రాజవంశంలో పుట్టిన శకుని. చెడు పుట్టుకలో లేదు, పాచికల వెనుక ఉన్న ఆలోచనలో ఉంది.

కాబట్టి ఈ ప్రాజెక్ట్‌కు మా వైపు నుంచి ఒకే ఒక గట్టి రూల్. బొమ్మ ఏ జట్టుదో దాని బట్టలు చెప్పకూడదు. కింద అంటించిన సీసా మూత అంచుకు వేసిన రంగు చెప్పాలి, ఒక జట్టుకు ఎరుపు, ఇంకో జట్టుకు నీలం. రెండు జట్లలోనూ మన వీధిలో కనిపించే అందరూ ఉండాలి. ప్రతి బొమ్మకూ ఒక చిన్న కార్డు రాయించండి. దాని మీద పేరు, చేసే పని, ఈ రోజు అతనికి ఏం కావాలి అన్న మూడు మాటలు చాలు. "చెడ్డవాడు" అని మాత్రం రాయనివ్వకండి. శకుని కార్డు మీద కూడా అతనికి ఏం కావాలో రాయాలి.

పిల్లవాడు బొమ్మకు పెట్టిన ముఖం మీకు ఇబ్బందిగా అనిపిస్తే కోప్పడకండి. "ఇతను ఏం చేశాడని ఆ జట్టులో పెట్టావు, నాన్నా?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే మూత మార్చమనండి. బొమ్మను పారేయించవద్దు. అదే మనిషి అవతలి జట్టులోకి వెళ్లి ఆడతాడు.

ఇంట్లో ఫోన్ పక్కన పెట్టి నాలుగు సాయంత్రాలు కేటాయిస్తే ఇదంతా పూర్తవుతుంది. మొదటి రోజు పెద్దవాళ్ల దగ్గర కథ వినడం, రెండో రోజు గల్లీ కొలవడం, మూడో రోజు బొమ్మలు, నాలుగో రోజు ఆట. కథ తెలుగులోనే చెప్పండి, రూల్స్ మేము ఇంగ్లిష్‌లో రాయిస్తాం. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు ఒక్కో తరగతి గదిలో ఒక్కో గల్లీ పరుస్తాం. స్కేలు మీ పిల్లల చేతిలో ఉంటుంది, పాచిక మీరు వేద్దురుగాని.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్