కీచురాయి పాటకు మూడు ఐసీలు

ప్రశ్న: మా అబ్బాయి సైన్స్ ప్రదర్శనకు కీచురాయి అరుపు వినిపించే సర్క్యూట్ చేస్తానంటున్నాడు. ఎలా చేయాలి?
– ఒక తల్లి, కె.ఆర్.పురం, బెంగళూరు

జవాబు: మంచి ఆలోచనమ్మా, తప్పక చేయించండి. మగ కీచురాయి రెక్కలు రాపాడించి, చాలా జాతుల్లో సెకనుకు 4,000–5,000 కంపనాలుండే స్వరాన్ని తెరలు తెరలుగా పలికిస్తుంది. 1972లో మార్కెట్‌లోకి వచ్చిన 555 టైమర్ ఐసీలు మూడు చాలు, ఎస్.పి.రోడ్‌లో దొరుకుతాయి. మొదటిది సెకనుకు 2 సార్లు, రెండోది 30 సార్లు, మూడోది సుమారు 4,600 సార్లు ఆన్-ఆఫ్ కావాలి. ఒకదాని 3వ పిన్నును తర్వాతిదాని 4వ పిన్నుకు కలపాలి. మూడోదానికి 1కె, 15కె రెసిస్టర్లు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ వాడండి. చివర బజర్ వద్దు, అది తన సొంత స్వరమే పలుకుతుంది. పీజో డిస్క్ పెట్టండి. రెసిస్టర్లు మారుస్తూ వినమనండి. స్వరం వెనకున్న లెక్క బాబుకు చెవితోనే అర్థమవుతుంది.